పాఠకుల ప్రశ్నలు: యాంటీబాడీ ఎస్టరును విడగొట్టగలదా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఒక బి.ఎస్సీ. విద్యార్థిని అడిగిన ప్రశ్నకు జవాబు రాయడం మొదలుపెట్టాక అది పెరిగి పెద్దదైంది. అదే విషయానికి దగ్గరగా ఉన్న మరికొన్ని ప్రశ్నలను కూడా కలిపి ఈసారి శీర్షిక అంతా దానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: యాంటీబాడీ అంటే శరీరంలోకి వచ్చిన పరాయి పదార్థాన్ని పట్టుకునే ప్రోటీన్ అనీ, పట్టుకోవడమే తప్ప దాన్ని మార్చదనీ మా పాఠ్యపుస్తకంలో ఉంది. పోటీ పరీక్షల పుస్తకం ఒకదానిలో మాత్రం ‘అబ్‌జైములు ఎస్టర్ల జలవిశ్లేషణను వేల రెట్లు వేగవంతం చేస్తాయి’ అని ఒక్క వాక్యం రాసి వదిలేశారు. పట్టుకోవడం మాత్రమే తెలిసిన అణువు రసాయన చర్యను ఎలా వేగవంతం చేస్తుంది?
— విద్యార్థిని, తెనాలి

జవాబు: మీ పాఠ్యపుస్తకం చెప్పిందీ నిజమే, పోటీ పరీక్షల పుస్తకం చెప్పిందీ నిజమే. యాంటీబాడీకి తెలిసిన విద్య పట్టుకోవడం ఒక్కటే. అయితే దేన్ని పట్టుకోవాలో మనం దానికి నేర్పగలిగితే ఆ పట్టే ఉత్ప్రేరకంగా పనిచేస్తుంది. అలా పనిచేసే యాంటీబాడీలనే అబ్‌జైములు అంటారు. ఇది ఎలా సాధ్యమో తెలియాలంటే, ఎస్టరు విడిపోయేటప్పుడు దానిలోని ఒకే ఒక్క కార్బన్ పరమాణువు దగ్గర ఏం జరుగుతుందో నిదానంగా చూడాలి.

ఎస్టర్లు మనకు కొత్తవి కావు. మగ్గిన అరటిపండు వాసనకు ముఖ్య కారణమైన ఐసోఅమైల్ అసిటేట్ ఒక ఎస్టరు. నువ్వుల నూనె, కొబ్బరినూనె, ఆముదం అన్నీ గ్లిసరాల్‌తో కొవ్వు ఆమ్లాలు కలిసి ఏర్పడిన ఎస్టర్లే. ఆస్పిరిన్ కూడా ఎస్టరే. మందుల డబ్బాలో ఏళ్ల తరబడి పడి ఉన్న ఆస్పిరిన్ సీసా మూత తీసి చూస్తే పుల్లని వెనిగర్ వాసన వస్తుంది. లోపలికి చేరిన తేమ ఆ ఎస్టరును మెల్లమెల్లగా విడగొట్టి, ఒక పక్క సాలిసిలిక్ ఆమ్లాన్నీ, మరో పక్క వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లాన్నీ మిగల్చడమే దానికి కారణం. నీటి వల్ల ఎస్టరు ఇలా రెండుగా విడిపోవడాన్నే జలవిశ్లేషణ అంటాం. సీసాలో ఏళ్లు పట్టడాన్ని బట్టి, నీరు పక్కనే ఉన్నంత మాత్రాన ఆ పని చకచకా జరిగిపోదని తెలుస్తూనే ఉంది కదా.

ఎందుకు జరగదు? ఎస్టరులో మనం చూడవలసిన కార్బన్‌కు పొరుగున మూడే పరమాణువులు ఉంటాయి. ఆ మూడూ, కార్బనూ కలిసి బల్ల మీద పరిచిన మూడు రేకుల పువ్వులా ఒకే తలంలో చదునుగా ఉంటాయి. నీటిలోని హైడ్రాక్సైడ్ అయాన్ ఆ తలానికి పైనుంచి వచ్చి కార్బన్‌తో బంధం కలుపుకోబోయినప్పుడు కార్బన్‌కు నాలుగో పొరుగు ఏర్పడుతుంది. అప్పటిదాకా చదునుగా ఉన్న రేకులు కిందికి వంగి, మొత్తం అమరిక నాలుగు మూలలున్న చతుర్ముఖీయ ఆకారంలోకి మారుతుంది. అదే సమయంలో, కార్బన్‌తో ద్విబంధం పంచుకుంటున్న ఆక్సిజన్ మీదికి రుణావేశం చేరుతుంది. ఆ తరువాత ఆల్కహాలు భాగం ఊడిపోయి, కార్బన్ తిరిగి చదునుగా సర్దుకుని, ఆమ్లం మిగులుతుంది. మొదట్లోనూ చివర్లోనూ చదునుగా ఉన్న అణువు మధ్యలో మాత్రం ఉబ్బెత్తుగా, ఆవేశం నిండి, ఎటూ నిలవలేని స్థితిలో ఉంటుందన్న మాట. ఎస్టరు ఆ స్థితికి చేరడానికే ఎక్కువ శక్తి ఖర్చవుతుంది, అందుకే చర్య నెమ్మదిగా సాగుతుంది.

శక్తి పరంగా అన్నిటికన్నా ఎత్తున ఉండే ఆ క్షణాన్ని పరివర్తన స్థితి అంటారు. దాని ఆయువు దాదాపు ఒక బంధం ఒక్కసారి కంపించేంత సేపు, అంటే సెకనును పది లక్షల కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగమంత. అది ఎస్టరూ కాదు, ఆమ్లమూ కాదు. హిరణ్యకశిపుణ్ణి ఇంటా బయటా కాని గడప మీద, పగలూ రాత్రీ కాని సంధ్యవేళ పట్టవలసి వచ్చినట్టే, ఈ చర్యను కూడా ఆ గడప మీదే పట్టుకోవాలి.

ఎంజైములు చేసేది అదేనని 1940ల చివరిలో లైనస్ పౌలింగ్ అన్నాడు. ఎంజైములోని గుంట అసలు పదార్థం ఆకారానికి కాక, ఆ పదార్థం మారుతూ ఉన్న నడిమి ఆకారానికి సరిపోయేలా ఉంటుందనీ, ఆ ఆకారాన్ని గట్టిగా ఆదరించడం వల్ల అక్కడికి చేరడానికి కావలసిన ఉత్తేజన శక్తి తగ్గుతుందనీ ఆయన ఊహ. అసలు పదార్థాన్నే అంత గట్టిగా పట్టుకుంటే లాభం లేకపోగా నష్టం. సుఖంగా కూర్చున్నవాడికి లేచి గడప దాటాలని ఎందుకు అనిపిస్తుంది? ఈ తర్కాన్ని మరో అడుగు ముందుకు తీసుకుపోయి, పరివర్తన స్థితిని పోలిన పదార్థానికి యాంటీబాడీలు తయారు చేయిస్తే అవి ఉత్ప్రేరకాలు కావాలి కదా అని 1969లో విలియం జెంక్స్ తన గ్రంథంలో రాశాడు. ఊహ బాగుంది. చిక్కల్లా ఒక్కటే, కంటిరెప్ప పాటులో కోట్లవ వంతు కూడా నిలవని వస్తువును ఎలుకకు ఇంజెక్షన్‌గా ఇవ్వడం ఎలా?

జాకెట్టు కుట్టించుకోవడానికి మనిషి స్వయంగా దర్జీ దగ్గరికి వెళ్లనక్కరలేదు, కొలతకు ఒక ఆది జాకెట్టు పంపితే చాలు. రసాయన శాస్త్రవేత్తలు చేసిందీ అదే. ఎస్టరులో కార్బన్ ఉండవలసిన చోట భాస్వరం పెట్టి ఫాస్ఫొనేట్ అనే పదార్థాన్ని తయారు చేశారు. ఇందులో భాస్వరం చుట్టూ ఎప్పుడూ నాలుగు పొరుగులు ఉంటాయి, అమరిక చతుర్ముఖీయంగానే ఉంటుంది, దాని ఆక్సిజన్ల మీద రుణావేశం కూడా ఉంటుంది. ఎస్టరు క్షణంలో వెయ్యో వంతు కూడా ఉండలేని భంగిమలో ఫాస్ఫొనేట్ సీసాలో నెలల తరబడి నిశ్చింతగా కూర్చుంటుంది. కొలతల్లో చిన్న తేడా లేకపోలేదు. భాస్వరం–ఆక్సిజన్ బంధాలు కార్బన్–ఆక్సిజన్ బంధాల కన్నా కొంచెం పొడవు, ఆవేశం పంచుకునే తీరూ అచ్చంగా ఒకటి కాదు. ఈ తేడాలు ఎక్కడ ఇబ్బంది పెడతాయో తరువాతి జవాబుల్లో చెబుతాను.

ఇంత చిన్న అణువును ఒంటరిగా ఇస్తే ఎలుక రోగనిరోధక వ్యవస్థ దాన్ని లెక్క చేయదు. ఇలాంటి చిన్న అణువులను హాప్టెన్లు అంటారు. రక్తంలో గ్రూపులు కనిపెట్టిన కార్ల్ లాండ్‌స్టైనర్ పెట్టిన పేరిది. హాప్టెన్‌ను ఒక పెద్ద వాహక ప్రోటీన్‌కు అతికించి ఇస్తే అప్పుడు గుర్తిస్తుంది. ఇందుకు ఎక్కువగా వాడేది ఒక సముద్రపు నత్త నెత్తుటిలో దొరికే హీమోసయనిన్. ఇక ఎలుక శరీరంలో ఆ ఫాస్ఫొనేట్‌ను పట్టుకునే యాంటీబాడీలు రకరకాలుగా తయారవుతాయి. వాటిలో ఒక్కొక్క రకాన్ని విడిగా, కావలసినంత పెంచుకోగల మోనోక్లోనల్ పద్ధతిని 1975లో కేంబ్రిడ్జ్‌లో కోలర్, మిల్‌స్టైన్ కనిపెట్టి ఉండకపోతే జెంక్స్ ఊహ ఇంకా చాలా కాలం కాగితం మీదే ఉండిపోయేది. ఆ పద్ధతికి 1984లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది.

1986 డిసెంబరులో ‘సైన్స్’ పత్రిక ఒకే సంచికలో పక్కపక్కనే రెండు పరిశోధన పత్రాలు వెలువడ్డాయి. ఒకటి కాలిఫోర్నియాలోని లా హోయాలో, స్క్రిప్స్ సంస్థలో రిచర్డ్ లెర్నర్ బృందానిది. వారు ఫాస్ఫొనేట్‌ను ఆదిగా ఇచ్చి కొత్త యాంటీబాడీలు తయారు చేయించారు. వాటిలో ఒకటి తనకు తగిన ఎస్టరును దాదాపు వెయ్యి రెట్లు వేగంగా విడగొట్టింది. రెండోది బర్క్‌లీలో పీటర్ షుల్ట్జ్ బృందానిది. వారు కొత్తగా ఏమీ తయారు చేయించలేదు. ఫాస్ఫోరిల్‌కోలిన్‌ను పట్టుకుంటుందని అప్పటికే తెలిసిన ఎంవోపీసీ167 అనే ఎలుక యాంటీబాడీని తీసుకుని, దాని గుంటకు సరిపోయే కార్బొనేట్‌ను, అంటే ఎస్టరుకు దగ్గరి చుట్టాన్ని, అందించి చూశారు. అది సుమారు 770 రెట్లు వేగంగా విడిపోయింది. మనిషికి తగ్గ జాకెట్టు ఒకరు కుట్టించారు, బీరువాలో ఉన్న జాకెట్టుకు తగ్గ మనిషిని ఇంకొకరు వెతికారు. నాకు రెండో పద్ధతి మీదే కొంచెం ఎక్కువ ముచ్చట.

ఒక్క హెచ్చరిక. ‘యాంటీబాడీ ఎస్టరును కత్తిరిస్తుంది’ అని రాయడం వాడుకలో ఉన్నా, ఇక్కడ కత్తెర ఏమీ లేదు. చాలా సందర్భాల్లో బంధం తెంచేది నీటి నుంచి వచ్చిన హైడ్రాక్సైడే. యాంటీబాడీ గుంటలో ధనావేశం ఉన్న ఆర్జినిన్ వంటి అమైనో ఆమ్ల భాగాలు, హైడ్రోజన్ బంధాలు ఇవ్వగల సమూహాలు ఫాస్ఫొనేట్ మీది రుణావేశాన్ని పట్టుకునే విధంగా కూడి ఉంటాయి. ఎస్టరు అందులో దిగి నడిమి ఆకారానికి మారుతున్నప్పుడు ఆక్సిజన్ మీద పుట్టే రుణావేశానికి అవే ఊతం ఇస్తాయి. పరీక్షలో రాయవలసిన జవాబు ఈ చివరి వాక్యమే.

ప్రశ్న: పత్తి చేలకు కొట్టే మోనోక్రోటోఫాస్ వంటి మందులు కూడా భాస్వరం ఉన్న పదార్థాలే. అవి ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమును ఆపేస్తాయని చదువుకున్నాం, అది కూడా ఎస్టరును విడగొట్టేదే. ఈ రెండిటికీ సంబంధం ఉందా, లేక నేను అనవసరంగా ముడిపెడుతున్నానా?
— వ్యవసాయ విద్యార్థి, వరంగల్

జవాబు: అనవసరంగా కాదు, సరైన చోటనే ముడి వేశారు. నరాల కొసల్లో విడుదలయ్యే ఎసిటైల్‌కోలిన్ ఒక ఎస్టరు. దాన్ని వెంటనే విడగొట్టి కండరాన్ని తిరిగి సడలించేది ఎసిటైల్‌కోలినెస్టరేజ్. ఆ ఎంజైములోని సెరీన్ అనే అమైనో ఆమ్ల భాగం ఎస్టరు కార్బన్‌కు అతుక్కుని పని మొదలుపెడుతుంది. ఆర్గానోఫాస్ఫేట్ మందు ఆ సెరీన్‌కు కార్బన్ బదులు భాస్వరాన్ని అంటగడుతుంది. అంటుకున్న భాస్వరం చతుర్ముఖీయంగా, ఎస్టరు నడిమి ఆకారాన్ని పోలి ఉంటుంది కాబట్టి ఎంజైము గుంట దాన్ని సొంత వస్తువులాగే ఆదరిస్తుంది. నీరు వచ్చి దాన్ని ఊడగొట్టడం మాత్రం చాలా నెమ్మది. ఎంజైము అలా బందీగా ఉండిపోతే ఎసిటైల్‌కోలిన్ పేరుకుపోయి ఊపిరి ఆడే కండరాల దాకా ప్రమాదం వస్తుంది. ఆసుపత్రిలో ఇచ్చే రెండు మందుల్లో అట్రోపిన్ ఆ పేరుకుపోయిన ఎసిటైల్‌కోలిన్ ప్రభావాన్ని అడ్డుకుంటుంది. ప్రాలిడాక్సిమ్ సెరీన్ మీది భాస్వరాన్ని ఊడదీయడానికి ప్రయత్నిస్తుంది. ఆలస్యమైతే రెండోది అంతగా పనిచేయదు.

మరి ఎలుకలకు ఇచ్చే ఫాస్ఫొనేట్ హాప్టెన్లు విషం కావా? పురుగుమందులో భాస్వరం మీద సులువుగా ఊడిపోయే ఒక సమూహం ఉంటుంది, అది ఊడిపోతూనే భాస్వరం సెరీన్‌కు అంటుకుంటుంది. హాప్టెన్‌గా వాడే ఫాస్ఫొనేట్ మీద రుణావేశం ఉంటుంది, దాని దరికి మరో రుణావేశపు సమూహం రావడం కష్టం. అందువల్ల అది ఆకారం చూపిస్తుందే గానీ అంటుకోదు. ఎంజైమును బంధించే ఆకారమూ, యాంటీబాడీకి ఎంజైము పని నేర్పే ఆకారమూ ఒకటే కావడం ఈ రంగంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి.

ప్రశ్న: ఎలుక రక్తంలో సహజంగానే ఎస్టర్లను విడగొట్టే ఎంజైములు బోలెడు ఉంటాయి. అందులో ఒక్క చుక్క కలిసిపోయినా వేగం పెరిగినట్టు కనిపిస్తుంది. ఆ పని యాంటీబాడీదేనని ఎలా నమ్మడం?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, కడప

జవాబు: మాస్టారూ, ఈ ప్రశ్న 1986లోనే పరిశోధకులు తమను తాము వేసుకున్నది. మంచి ఎస్టరేజ్ ఎంజైము సెకనుకు వేల అణువులను విడగొడుతుంది, యాంటీబాడీ సెకనుకు ఒకటి కూడా విడగొట్టలేని సందర్భాలు ఉన్నాయి. కనుక లక్షకు ఒకటి చొప్పున ఎంజైము కలిసి ఉన్నా మోసపోవడానికి అది చాలు.

ముందుగా కొలిచే తీరు చెబుతాను, అప్పుడు మిగిలింది సులువుగా అర్థమవుతుంది. ఈ ప్రయోగాల్లో తరచుగా పారా-నైట్రోఫెనైల్ ఎస్టర్లను వాడతారు. ద్రావణానికి మొదట రంగు ఉండదు. ఎస్టరు విడిపోతున్న కొద్దీ పారా-నైట్రోఫెనాల్ బయటికి వచ్చి ద్రావణం పల్చని పసుపులోకి, తరువాత పసుపు నీళ్లంత చిక్కని రంగులోకి మారుతుంది. స్పెక్ట్రోఫోటోమీటరులో 405 నానోమీటర్ల కాంతిని ఆ గాజు గొట్టం గుండా పంపి, రంగు ఎంత వేగంగా చిక్కబడుతోందో చూస్తే అదే చర్య వేగం.

ఇప్పుడు ఈ పసుపు ఎవరి పుణ్యమో తేల్చాలి. ఆది జాకెట్టుగా వాడిన ఫాస్ఫొనేట్‌ను ఇదే గొట్టంలో కొద్దిగా వేస్తారు. అది యాంటీబాడీ గుంటలను ఆక్రమిస్తుంది కాబట్టి, పని యాంటీబాడీదే అయితే రంగు మారడం ఆగిపోతుంది. అంతేకాదు, గుంటలు ఎన్ని ఉన్నాయో సరిగ్గా అన్ని అణువుల ఫాస్ఫొనేట్‌కే ఆగాలి. ఎక్కడి నుంచో వచ్చిన ఎంజైము ఆ లెక్కకు లొంగదు. పదే పదే శుద్ధి చేసినా మిల్లీగ్రాము యాంటీబాడీకి ఇంత వేగం అన్న నిష్పత్తి మారకూడదు. అదే ఎలుకల నుంచి, అదే పద్ధతిలో తీసిన వేరే యాంటీబాడీ ఈ పని చేయకూడదు. యాంటీబాడీని ఎంజైముతో కోసి గుంట ఉన్న చేయి భాగాన్ని మాత్రమే వేరు చేసినా పని జరగాలి. ఎస్టరు ఆకారం కొంచెం మారిస్తే, ఉదాహరణకు దాని ప్రతిబింబ రూపాన్ని ఇస్తే, చాలా యాంటీబాడీలు దాన్ని ముట్టుకోవు. రకరకాల ఎస్టర్లను కాదనకుండా విడగొట్టే సహజ ఎస్టరేజ్‌లకు సాధారణంగా ఇంత పట్టింపు ఉండదు. తరువాతి కాలంలో యాంటీబాడీ జన్యువును బాక్టీరియాలో పెట్టి, ఎలుక రక్తం ఊసే లేకుండా తయారు చేసి చూసినా ఫలితం నిలిచింది. ఇవన్నీ కలిసిన తరువాతే నమ్మారు, నమ్మించారు.

ప్రశ్న: వేగం పెంపు కొన్నిటిలో వెయ్యి రెట్లు, కొన్నిటిలో లక్షల రెట్లు అని రకరకాలుగా చెబుతారు. అది దేని మీద ఆధారపడుతుంది? ఇంత తెలిసినా ఎంజైములతో ఎందుకు పోటీ పడలేకపోయాయి?
— పరిశోధక విద్యార్థిని, హైదరాబాదు

జవాబు: లెక్క చూడటానికి చాలా సులువు. యాంటీబాడీ ఎస్టరును ఎంత గట్టిగా పట్టుకుంటుందో, పరివర్తన స్థితిని దానికన్నా ఎన్ని రెట్లు గట్టిగా పట్టుకుంటుందో, ఆదర్శంగా వేగం అన్ని రెట్లు పెరుగుతుంది. పట్టును మోలార్ అనే గాఢత ప్రమాణంలో చెబుతారు, ఆ అంకె ఎంత చిన్నదైతే పట్టు అంత గట్టిది. ఎస్టరు మీద మైక్రోమోలార్ స్థాయి పట్టు, నడిమి ఆకారం మీద దానికన్నా వెయ్యి రెట్లు చిన్నదైన నానోమోలార్ స్థాయి పట్టు ఉంటే నిష్పత్తి వెయ్యి, కాబట్టి వేగం వెయ్యి రెట్లు. ఎస్టరు మీద పట్టు ఇంకా సడలితే, లేదా నడిమి ఆకారం మీద పట్టు ఇంకా బిగిస్తే నిష్పత్తి పెరుగుతుంది. 1988లో లెర్నర్ బృందమే చూపించిన ఒక యాంటీబాడీ తన ఎస్టరును సుమారు 60 లక్షల రెట్లు వేగంగా విడగొట్టింది. అలాంటివి అరుదు. వేయి నుంచి లక్ష రెట్ల మధ్య ఉండేవే ఎక్కువ.

ఈ పట్టు ఎలా బిగుస్తుందో కళ్లకు కట్టినట్టు చూపించిన యాంటీబాడీ షుల్ట్జ్ బృందం పనిచేసిన 48జీ7. దీని గుంటకు ఎలుకలో పుట్టుకతో ఉండే మూల రూపాన్నీ, హాప్టెన్ ఇచ్చాక మెరుగులు దిద్దుకున్న తుది రూపాన్నీ విడివిడిగా స్ఫటికాలు కట్టించి, ఎక్స్-కిరణాలతో నిర్మాణాలు పోల్చి 1997లో ప్రకటించారు. రెండిటి మధ్యా తేడా తొమ్మిది ఉత్పరివర్తనలు మాత్రమే. కానీ తుది రూపానికి హాప్టెన్ మీద పట్టు మూల రూపం కన్నా 30,000 రెట్లు ఎక్కువ. అంతకన్నా విచిత్రం, ఆ మార్పులు హాప్టెన్‌ను తాకే చోట జరిగినవి కావు. కొన్ని దానికి 15 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరం దాకా ఉన్నాయి. మూల రూపంలో హాప్టెన్ లోపలికి వచ్చినప్పుడు గుంట గోడలు కదిలి, దానికి తగ్గట్టు సర్దుకోవలసి వచ్చేది. మెరుగుపడ్డాక అవే గోడలు ముందే సర్దుకుని, తాళానికి తాళంచెవిలా సిద్ధంగా ఉన్నాయి. తలుపు చెక్కను ఏమీ మార్చకుండా, నాలుగు అడుగుల అవతల గోడలో మేకులు బిగించి తలుపు సరిగ్గా పడేలా చేసినట్టన్న మాట. ఎస్టరు మీద ఈ యాంటీబాడీ పెంచిన వేగం పది వేల రెట్ల పైచిలుకు.

ఇక మీ రెండో ప్రశ్న. రోగనిరోధక వ్యవస్థకు ఉత్ప్రేరకం అక్కరలేదు, దానికి కావలసింది తన కణం పట్టుకున్న పదార్థం కణం లోపలికి వెళ్లేదాకా జారిపోకుండా ఉండటమే. అంతకుమించి బిగించినా ఆ కణానికి అదనపు లాభం ఏమీ ఉండదు, అందుచేత ఎంపిక అక్కడితో ఆగిపోతుంది. యాంటీబాడీల పట్టు మామూలుగా 10 టు ది పవర్ మైనస్ 10 మోలార్ దగ్గర తన పైకప్పును తాకుతుంది. ఎంజైములు పరివర్తన స్థితిని పట్టుకునే తీరు దానికి ఎన్నో లక్షల రెట్లు మించి ఉంటుంది, కోట్ల ఏళ్ల పరిణామం వాటిని పట్టు కోసం కాక నేరుగా వేగం కోసమే ఎంచింది మరి.

దీనికి తోడు, ఆదిగా ఇచ్చిన ఫాస్ఫొనేట్ మొదట చెప్పినట్టు అచ్చమైన నకలు కాదు. దాని కొలతకు కుట్టిన గుంట అసలు నడిమి ఆకారానికి అక్కడక్కడా వదులుగానో బిగుతుగానో ఉంటుంది. ఎస్టరు విడిపోగా మిగిలే ఆమ్లానికి కూడా రుణావేశం ఉంటుంది కాబట్టి, అది పని అయిపోయాక కూడా గుంట వదలకుండా కూర్చుని తరువాతి అణువుకు చోటు ఇవ్వని సందర్భాలూ ఉన్నాయి. అన్నిటికన్నా పెద్ద కారణం, అసలైన ఎంజైము ఊతం ఇవ్వడంతో ఊరుకోదు. సెరీన్, హిస్టిడిన్ వంటి భాగాలతో అది స్వయంగా చర్యలో చేయి కలుపుతుంది. ఫాస్ఫొనేట్ ఆకారం చూపించగలదు గానీ ఇక్కడ ఒక హిస్టిడిన్ పెట్టు అని చెప్పలేదు. అయినా అదృష్టం కొద్దీ కొన్నిటిలో అదీ జరిగింది. 43సీ9 అనే యాంటీబాడీలో ఒక హిస్టిడిన్ తానే ఎస్టరు కార్బన్‌కు తాత్కాలికంగా అతుక్కుంటుందని తేలింది. 17ఈ8 అనే దాని నిర్మాణం 1994లో బయటపడినప్పుడు సెరీన్, హిస్టిడిన్ పక్కపక్కనే, జీర్ణ ఎంజైములను గుర్తుచేసే విధంగా కనిపించాయి. ఎవరూ అడగని చోట అవి వచ్చి చేరడం చూసి, ఇంక కొలతతో కాక కొంత వలపన్ని పట్టుకోవాలన్న ఆలోచన బలపడింది. ఆ దారిలో 1995లో వచ్చిన ‘ప్రతిచర్యాశీల రోగనిరోధన’ అనే పద్ధతి వేరే కథ. దాన్ని మొదట వాడింది ఎస్టర్లను విడగొట్టే యాంటీబాడీల కోసమే అయినా, ఇక్కడ వదిలేస్తున్నాను.

ప్రశ్న: దీనివల్ల మందుగా ఏమైనా ఉపయోగం ఉందా?
— గృహిణి, విజయనగరం

జవాబు: అందరికన్నా ఎక్కువగా ఆశ పెట్టుకున్నది కొకైన్ మీద. కొకైన్ అణువులో ఒక బెంజోయిల్ ఎస్టరు ఉంటుంది. అది విడిపోతే మిగిలే రెండు ముక్కలకూ మత్తు ఉండదు. మామూలు యాంటీబాడీ కొకైన్‌ను పట్టుకోగలదు గానీ, దానికి రెండే చేతులు కాబట్టి రెండు అణువులు పట్టుకోగానే పని అయిపోతుంది, మత్తుమందు మోతాదు పెంచితే ఓడిపోతుంది. విడగొట్టే యాంటీబాడీ అయితే ఒకదాన్ని వదిలి ఇంకొకదాన్ని అందుకుంటూ పోతుంది. కొలంబియా విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ లాండ్రీ బృందం ఈ ఉద్దేశంతో ఫాస్ఫొనేట్ ఆదిని తయారు చేసి, 1993లో తొలి ఫలితాలు ప్రకటించింది. తరువాత వచ్చిన 15ఏ10 అనే యాంటీబాడీ కొకైన్ విడిపోయే వేగాన్ని సుమారు 23,000 రెట్లు పెంచింది. 1998లో ఎలుకల మీద చేసిన పరీక్షల్లో అది కొకైన్ విష ప్రభావాన్నీ, మళ్లీ మళ్లీ కావాలనిపించే గుణాన్నీ తగ్గించింది.

ఇరవై మూడు వేలు అంటే పెద్దగా అనిపిస్తుంది. అసలు లెక్కలో ఒక్క గుంట నిమిషానికి రెండు అణువుల పైచిలుకు, అంటే పాతిక సెకన్లకు ఒకటి చొప్పున విడగొడుతుంది. రక్తంలోకి ఒక్కసారిగా చేరిన మత్తుమందును ఎదుర్కోవాలంటే చాలా యాంటీబాడీ ఇవ్వవలసి ఉంటుంది. ఈలోగా కోకా మొక్క వేళ్ల దగ్గరి మట్టిలో, కొకైన్‌నే తిని బతికే ఒక బాక్టీరియాలో అంతకన్నా చాలా చురుకైన ఎస్టరేజ్ దొరికింది. మనిషి రక్తంలోనే ఉండే బ్యుటిరైల్‌కోలినెస్టరేజ్‌ను మార్చి వేగం పెంచే పనులూ ముందుకు సాగాయి. యాంటీబాడీ మీద మోజు సహజంగానే తగ్గింది.

ప్రశ్న: ఇదంతా పెద్ద ప్రయోగశాలల పని. మా డిగ్రీ కళాశాల ప్రయోగశాలలో ఇందులో కొంతైనా చూపించగలమా?
— అధ్యాపకురాలు, నెల్లూరు

జవాబు: యాంటీబాడీ దొరకదు గానీ, పసుపు రంగు చూపించవచ్చు. పారా-నైట్రోఫెనైల్ అసిటేట్‌ను కొద్దిగా ఆల్కహాలులో కరిగించి, పీహెచ్ 7కు దగ్గరగా ఉన్న ఫాస్ఫేట్ బఫరులో రెండు పరీక్ష నాళికల్లో సమానంగా వేయండి. ఒక నాళికలో ఇమిడజోల్ కలపండి. ఇమిడజోల్ అంటే హిస్టిడిన్ అంచున ఉండే అయిదు మూలల వలయమే, 43సీ9 గుంటలో పనిచేసిందీ అదే. తెల్ల కాగితం వెనక పెట్టి చూస్తే ఇమిడజోల్ ఉన్న నాళిక ముందుగా పసుపెక్కుతుంది, రెండోది వెనకబడుతుంది. పిల్లలను గడియారం పట్టుకుని నిలబెట్టండి.

ఒక జాగ్రత్త తప్పనిసరి. ఇమిడజోల్ ద్రావణం స్వతహాగా క్షారం. దాన్ని నేరుగా వేస్తే పీహెచ్ పెరిగి, హైడ్రాక్సైడ్ చేసిన పనిని ఇమిడజోల్ ఖాతాలో రాసినట్టు అవుతుంది. పైగా పీహెచ్ పెరిగితే ఉన్న నైట్రోఫెనాలే మరింత పసుపుగా కనిపిస్తుంది. ఇమిడజోల్‌ను ముందే కొంచెం హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో బఫరు పీహెచ్‌కు తెచ్చి, రెండు నాళికల పీహెచ్ ఒకటేనని మీటరుతో చూసుకున్న తరువాతే ఎస్టరు కలపండి.